పరువున్న ఇంటికి పది సలహాలు

కోడలు నీళ్లోసుకుంది. ఆసుపత్రిలో వేలికొన గుచ్చి రక్తం చూసిన నర్సమ్మ ఆమెను ఒక్కదాన్నే పక్కగదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. బయట బెంచీ మీదున్న అత్తగారికి ఆ మూసిన తలుపే సగం సంగతి చెప్పింది. మిగతా సగం రాత్రి ఇంట్లో ఏడుపుల మధ్య బయటపడింది. కోడలికి హెచ్‌ఐవీ ఉంది.

ఇప్పుడా ఇంటికి రెండు పనులు పడ్డాయి. ఒకటి బిడ్డను కాపాడుకోవడం, రెండోది పరువు కాపాడుకోవడం. మొదటిదానికి డాక్టర్లున్నారు, మందులున్నాయి, అవి ఉచితంగానే దొరుకుతాయి. రెండోదానికి మాత్రం పాపం సర్కారు ఏ పథకమూ పెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ చిన్న ప్రయత్నం.

ఈ సలహాల్లో ఒక్కటీ మా సొంతం కాదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, బెంగళూరు పోయే రైలు దారిలో వరసగా తగిలే ఊళ్లు. ఒకటి పట్టుచీరలకు పేరు, ఒకటి కోటకూ కియా కార్ల ఫ్యాక్టరీకీ, ఇంకొకటి బెల్లం, చింతపండు మార్కెట్‌కు. సలహాల్లో మాత్రం మూడూళ్లదీ ఒకటే సరుకు. అరుగుల మీదా, కుళాయిల కాడా, ఆటో స్టాండుల్లోనూ దొరికినవాటినే ఏరి వరస పెట్టాం. గిరాకీ కూడా ఉంది. 2021 అంచనా ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇలాంటి కాన్పు ఎందుకు చెడుతుందో డాక్టర్లు ఒక పట్టీ రాసి పెట్టుకున్నారు. ఆలస్యంగా ఆసుపత్రికి రావడం, రోగాన్ని ఎదుర్కొనే సీడీ4 కణాలు పడిపోవడం, రక్తంలో వైరస్ లెక్క, అంటే వైరల్ లోడ్ ఎక్కువగా ఉండటం, రక్తహీనత, క్షయ, సిఫిలిస్, బరువు చాలకపోవడం. ప్రతిదాని పక్కనా గర్భిణి పేరే రాస్తారు. ఇది అన్యాయం. ఇన్ని పనులు ఆ పిల్ల ఒక్కతే చేయగలదా? మొగుడు, అత్తమామలు, ఇరుగుపొరుగు, ఆసుపత్రి వాళ్లు తలా ఒక చెయ్యి వేయందే ఒక కాన్పు చెడదు. అందుకే ఈ సలహాలు ఆమెకు కావు. మీకు.

1. పరీక్షకు తొందరేముంది?

ఆశా అక్క ఇంటికొచ్చి "నెల తప్పిందంట కదమ్మా, కార్డు రాయించుకుందాం రాండి" అంటే "యాలమ్మా అంత తొందర? ఇంగా మూడో నెల గూడా నిండలేదు, దిష్టి తగుల్తుంది" అని పంపేయండి. మూడో నెల నిండాక ఐదో నెల రానీండి, ఐదో నెల వచ్చాక శ్రీమంతం కానీండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ఆ తేదీకే ఇంట్లో ఏదో ఒక పని పెట్టుకోండి.

పన్నెండు వారాల్లోపే పేరు నమోదు చేయించుకోమని సర్కారు ఎందుకు పోరుతుందంటే, మందుకు సమయం కావాలి. మాత్ర వేసుకున్న మర్నాడే వైరస్ మాయం కాదు. వారాలు గడిచేకొద్దీ రక్తంలో దాని లెక్క తగ్గుతుంది. కాన్పునాటికి అది పరీక్షకు అందనంత కిందికి పోవాలి. ఫ్రాన్స్‌లో కడుపు రాకముందు నుంచే మందులు వాడుతూ, మధ్యలో ఆపకుండా, వైరల్ లోడ్ 50 లోపు ఉండగా కాన్పైన తల్లుల బిడ్డలు 2,651 మందిని లెక్కగట్టి 2015లో ప్రచురించారు. కడుపులోగానీ కాన్పులోగానీ తల్లి నుంచి వైరస్ సోకిన బిడ్డ అందులో ఒక్కరూ లేరు. అంత గట్టి మందును కూడా ఓడించాలంటే మన చేతిలో ఉన్నది ఆలస్యం ఒక్కటే. నొప్పులొచ్చాక, అర్ధరాత్రి, చేతిలో ఒక్క రిపోర్టు లేకుండా ఆసుపత్రి మెట్లెక్కండి. నెలల తరబడి చేయాల్సిన పనికి అప్పుడు డాక్టరుకు మిగిలేది కొన్ని గంటలు.

ధర్మవరానికి దగ్గర్లోనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. 1969లో అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థది. అక్కడి డాక్టర్లు తమ దగ్గరికొచ్చే హెచ్‌ఐవీ రోగుల వివరాల మీద ఏళ్ల తరబడి పరిశోధన పత్రాలు రాశారు. జబ్బు ముదిరాక వచ్చేవాళ్లెవరు, ఎందుకు ఆలస్యంగా వస్తారు అన్నదాని మీదే ఒకటి రాశారు. అంటే మన ప్రాంతం ఈ విద్యలో ఎంత ఆరితేరిందో ప్రపంచానికి ఇప్పటికే తెలుసన్నమాట.

2. మగవాడికి పరీక్షేంటి?

కోడలికి ఉందని తేలగానే కౌన్సిలరమ్మ "మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా" అంటుంది. అబ్బాయి ససేమిరా అనాలి. "నాకేం రోగముందని ఆడికి రావల్ల?" అంటే చాలు. అత్తగారు వెనకనుంచి "మా పిల్లోడు బంగారం, ఇదంతా ఆ పిల్ల పుట్టింటినుంచి తెచ్చిందే" అని అందుకోవాలి.

ఇందులో ఒక సౌకర్యం ఉంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లందరినీ పరీక్షకు రమ్మంటారు, మగవాళ్లను ముందుగా ఎవరూ పిలవరు. కాబట్టి ఇంట్లో మొదట బయటపడేది ఆమె పేరే. మొదట బయటపడినవాళ్లే మొదట తెచ్చారని ఒక సిద్ధాంతం చేసుకుంటే చాలు, నలభై నాలుగో నంబరు హైవే మీద లారీ తోలే ఆయన్నీ, వారానికోసారి బెంగళూరు నుంచి వచ్చిపోయే ఆయన్నీ ఎవరూ ఏమీ అడగరు.

కోడలికి లేదని తేలిన ఇళ్లలో ఈ సలహా ఇంకా బాగా పనిచేస్తుంది. మూడో నెలలో నెగటివ్ వచ్చింది కాబట్టి కాన్పుదాకా భయం లేదనుకుంటారు. మొగుడికి ఉండి, పరీక్ష లేక, కండోమ్ లేక, ఆమెకు ఏడో నెలలో కొత్తగా సోకితే? కొత్తగా సోకిన మొదటి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. బిడ్డకు ముప్పు ఎక్కువయ్యే సమయాల్లో అదొకటి. చేతిలో మాత్రం నెగటివ్ కాగితం ఉంటుంది.

3. మాత్రలు దాచండి

నెలకు సరిపడా మాత్రలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇస్తారు. దానితో మొదటి చిక్కు చప్పుడు. సంచిలో పెట్టుకుని బస్సెక్కితే గలగలమంటుంది. అందుకని ఆ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ గేటు దాటకముందే మూత తీసి దూది కుక్కించండి. చీటీ గోటితో గీకి చింపించండి. ఇంటికొచ్చాక మాత్రలను పసుపు డబ్బాలోకో, పాత హార్లిక్స్ సీసాలోకో మార్పించండి. ఆ సీసాను అటక మీద, స్టూలు వేసుకుంటేగానీ అందనిచోట పెట్టండి. ఎనిమిదో నెల గర్భిణి రాత్రి అందరూ పడుకున్నాక చప్పుడు కాకుండా స్టూలెక్కి మాత్ర తీసుకోవాలి. పెళ్లికి పోయినా, పుట్టింటికి పోయినా, ఇంటికి చుట్టాలొచ్చినా ఆ రోజులకు మందు లేదు. "ఒక్క రోజుకేమైతుంది?" అన్న మాట నోటికి సిద్ధంగా ఉంచుకోండి.

ఒక్కో రోజు వదిలితే ఏమవుతుందంటే, తగ్గిన వైరస్ మళ్లీ లేస్తుంది. మందుకు అలవాటుపడి దాన్ని లెక్కచేయని రకం తయారవుతుంది. బిడ్డకు సోకితే ఆ మొండి రకమే సోకొచ్చు.

పాత రోజుల్లో ఇంత దాచాల్సిన పనే లేదు. 1994లో అమెరికా, ఫ్రాన్స్ డాక్టర్లు జిడోవుడిన్ అనే ఒక్క మందుతో బిడ్డలకు సోకడాన్ని 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గించి చూపించేదాకా ఈ దారే ఎవరికీ తెలియదు. మన దేశంలో 2002లో కార్యక్రమం మొదలైనప్పుడు కాన్పు సమయంలో తల్లికి ఒక నెవిరపిన్ మాత్ర, పుట్టాక బిడ్డకు ఒక డోసు సిరప్, అంతే. 2014 జనవరి నుంచి పద్ధతి మారింది. సీడీ4 ఎంతున్నా సరే, గర్భిణికి హెచ్‌ఐవీ ఉందని తేలిన వెంటనే జీవితాంతం వాడే మందులు మొదలుపెట్టాలన్నారు. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపి ఒకే మాత్ర, రోజుకొకటి. తెలివైన బంధువు ఎవరైనా ఉంటే "మొదటి మూడు నెలలు ఆపేయండి, బిడ్డ అవిటిగా పుడుతుంది" అని కూడా చెప్పిస్తే బాగుంటుంది. 2018లో బోట్స్వానా నుంచి డోలుటెగ్రావిర్ మీద అలాంటి అనుమానం ఒకటి వచ్చిన మాట నిజమే. ఆ తర్వాత ఇంకా వేలమంది తల్లుల లెక్కలు చూసి ఆ భయం అక్కర్లేదని తేల్చారు. ఆ రెండో సగం మాత్రం ఆమెకు చెప్పొద్దు.

4. అన్నీ ఒక్క గుటకలో

ఇది ఎవరికీ దుర్బుద్ధి లేకుండానే చేయగలిగిన పని. పొద్దున్నే పరగడుపున స్టీలు గ్లాసులో టీ పెట్టి, అరచేతిలో మూడు మాత్రలు పోయండి. ఆ హెచ్‌ఐవీ మాత్ర ఒకటి, రక్తం పట్టడానికి ఐరన్ మాత్ర ఒకటి, ఎముకలకు కాల్షియం ఒకటి. మూడూ మంచివే, మూడూ ఆసుపత్రి ఇచ్చినవే. ఒకేసారి మింగితే పని అయిపోతుంది, మళ్లీ మళ్లీ గుర్తుపెట్టుకునే బాధ ఉండదు.

ఖాళీ కడుపులో ఐరన్, కాల్షియం రెండూ డోలుటెగ్రావిర్‌ను పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. రోజూ మాత్ర వేసుకున్నట్టే ఉంటుంది, రక్తంలోకి చేరేది మాత్రం తగ్గిపోతుంది. పైగా టీ ఐరన్‌ను అడ్డుకుంటుంది, కాల్షియం కూడా అడ్డుకుంటుంది. పద్ధతి ప్రకారమైతే ఐరన్, కాల్షియంలకు రెండు గంటల ముందో, వాటి తర్వాత ఆరు గంటలకో డోలుటెగ్రావిర్ మాత్ర వేసుకోవాలి. కలిపి వేసుకోక తప్పకపోతే భోజనంతో పాటు వేసుకోవాలి. నర్సమ్మ ఈ సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా "బస్సు టైమైంది" అని లేచిపోండి.

5. తక్కువ తినిపించండి

బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం అన్నది మన పెద్దమ్మలు తరతరాలుగా చెబుతున్న మాట. కాబట్టి ఏడో నెల నుంచి సంగటి ముద్ద సగం చేయండి. పప్పు, శెనక్కాయలు పిత్తం చేస్తాయనండి, గుడ్డు వేడి అనండి, ఆకుకూర పడదనండి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు ఇంటికి తెచ్చి అందరూ పంచుకోండి. న్యాయం అంటే అందరికీ సమానంగా రావాలి కదా.

ఐరన్ మాత్ర గురించి రెండు మాటలు చాలు. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది, విరేచనం నల్లగా వస్తుంది. రెండోది నిజం, దానివల్ల చెడేదేమీ లేదు. మొదటిది అబద్ధం, కానీ దాని దెబ్బకే మాత్రలు కసువులోకి పోతాయి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రాణం మీదికి వచ్చే రక్తహీనత. దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా మొదటి లెక్కలో ఉన్నవాళ్లే. హెచ్‌ఐవీ దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. ఆ ఒంటితో ఆమెను తొమ్మిదో నెలదాకా మగ్గం దగ్గర నూలు చుట్టించండి, శెనక్కాయ చేలో కలుపు తీయించండి, బిందెలతో నీళ్లు మోయించండి.

మీరు కోరుకున్నట్టే చిన్న బిడ్డ పుడుతుంది. రెండున్నర కిలోలకు తక్కువ, ఒక్కోసారి నెలలు నిండకుండానే. కాన్పు తేలికే. ఆ తర్వాత ఆ బిడ్డను బతికించుకోవడమే కష్టం.

6. చిన్నచిన్న విషయాలు పట్టించుకోవద్దు

దగ్గు వారాల తరబడి తగ్గకపోతే "మగ్గం దుమ్ము" అనండి. సాయంత్రం జ్వరానికి "గాలి సోకింది" అనండి. రాత్రి చెమటలకు ఎండాకాలం ఉండనే ఉంది. కడుపుతో ఉన్నా బరువు తగ్గుతుంటే "వాంతులు కదా" అనండి. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణిలో ఈ నాలుగూ క్షయను వెతకమని చెప్పే గుర్తులు. క్షయ ముదిరితే తల్లినీ బిడ్డనూ రెండు వైపులా లాగుతుంది.

సిఫిలిస్ పరీక్ష మాట ఎత్తితే "ఒక పరువు పోయింది చాలదా?" అని కేకలేయండి. కడుపులోనే బిడ్డ చనిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో అదొకటి, పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యేది కూడా. అంత తేలిగ్గా తప్పించగలిగినదాన్ని జరగనివ్వాలంటే ఆ మాత్రం కేకలు వేయక తప్పదు.

ఆకూవక్కలో పొగాకు నమిలే అలవాటుంటే మాన్పించొద్దు. మొగుడు బీడీ కాల్చేది ఇంట్లోనే, ఆమె పక్కనే.

7. ఆకుమందు మీద నమ్మకం ఉంచండి

ఆసుపత్రి మందు జీవితాంతం వాడాలంటారు. నలభై రోజుల్లో వేర్లతో సహా పెరికేస్తామనేవాళ్లు బస్టాండు గోడల మీదే ఉండగా అదేం పద్ధతి? పసరు తాగించండి, పథ్యం పెట్టించండి, ఆసుపత్రి మాత్రలు ఆ నలభై రోజులూ మూలన పడేయించండి. తాళిబొట్టు కుదువ పెట్టి మరీ డబ్బు కట్టండి. ఉచితంగా వచ్చేదానికి విలువుండదు.

డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జే అని ఒక పట్టిక ఉంది. ఏ మందుతోనూ నయం చేస్తామని గానీ, రాకుండా ఆపుతామని గానీ చెప్పుకోకూడని జబ్బుల పట్టిక అది. ఎయిడ్స్ అందులో ఉంది. గోడ మీద అంత పెద్దక్షరాలతో రాసినవాడు చట్టాన్నే లెక్కచేయలేదంటే ఎంత ధైర్యవంతుడో ఆలోచించండి. పాపం, ఆ నలభై రోజుల్లో వైరస్ కూడా ఆయన్ని లెక్కచేయదు.

8. ఆసుపత్రి సిబ్బందికి ఒక సలహా

ఇంట్లో వాళ్లు ఎంత చేసినా, మీరు సాయం చేయకపోతే పని పూర్తికాదు. ఆమె కేసుషీటు మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి, అందరూ చూసేలా మంచం కాళ్ల వైపు తగిలించండి. వార్డు చివర మంచం వేయండి. ఆయమ్మను "ఆ మంచం జాగ్రత్త" అని గట్టిగా హెచ్చరించండి. నొప్పులతో వస్తే చేతులు కడుక్కునేలోగానే "ఇక్కడ వీలుకాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అని చీటీ రాసివ్వండి. పెద్దాసుపత్రి ఇంకా పెద్దాసుపత్రి పేరు చెబుతుంది. 108 బండిలో హైవే మీద కాన్పైతే మీ లేబర్ రూము శుభ్రంగా మిగులుతుంది.

మొదటిసారి వచ్చినప్పుడే "ఈ రోగంతో నీకు బిడ్డలెందుకమ్మా? తీయించేసుకో, పనిలో పనిగా ఆపరేషన్ కూడా చేయించుకో" అనడం మరిచిపోకండి. ఆ ఒక్క మాటతో ఆమె మళ్లీ కాన్పుదాకా ఆసుపత్రి మొహం చూడదు.

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇవన్నీ తప్పంటుంది. వైద్యం నిరాకరించకూడదు, ఆమె ఒప్పుకోకుండా ఆమె సంగతి ఇంకొకరికి చెప్పకూడదు, ఆమె పూర్తిగా తెలుసుకుని ఒప్పుకుంటే తప్ప గర్భం తీయకూడదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయకూడదు. చేతి తొడుగుల జాగ్రత్త అందరికీ ఒకటే, ఎందుకంటే ఎవరి రక్తంలో ఏముందో మొహం చూసి చెప్పలేం. పొరపాటున సూది గుచ్చుకుంటే సిబ్బందికీ మందు ఉంది, 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణానికే కడుపు కోయాలని కూడా మన దేశ మార్గదర్శకాల్లో లేదు. ఇవన్నీ శిక్షణలో విన్నవే కదా. విన్నచోటే వదిలేయండి.

9. పుట్టగానే గాడిద పాలు

బిడ్డ పుట్టాక మంత్రసాని తత్వం నిద్రలేస్తుంది. తేనె నాకించాలి. చక్కెర నీళ్లు పట్టాలి. వీధిలో "గాడిద పాలు" అని కేక వినపడితే చిన్న ఉగ్గుగిన్నె పట్టుకుని పరుగెత్తాలి, దగ్గు, ఆయాసం జన్మలో రావట. రెండో రోజు ఆవుపాలు, నాలుగో రోజు గ్రైప్ వాటర్, మధ్యమధ్య తల్లిపాలు. "ఈమె పాలు మంచివి కావేమో" అన్న అనుమానం ఉంటే పగలు డబ్బాపాలు, ఇరుగుపొరుగు చూసేటప్పుడు తల్లిపాలు.

హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకు అన్నిటికంటే చెడ్డ పద్ధతి ఈ కలగలుపే. పై పాలు, నీళ్లు బిడ్డ పేగుల లోపలి పొరను దెబ్బతీస్తే వైరస్‌కు దారి తెరుచుకుంటుంది. మందులు సక్రమంగా వాడుతున్న తల్లి ఆరు నెలలు తన పాలు మాత్రమే, చుక్క నీళ్లు కూడా కలపకుండా ఇవ్వొచ్చు. డాక్టరు రాసిన చుక్కల మందు, సిరప్ దీనికి అడ్డుకావు. శుభ్రమైన నీళ్లు, రోజూ డబ్బా కొనే స్తోమత, వేళకు కలిపే ఓపిక అన్నీ ఉన్నాయని ఆమె అనుకుంటే పూర్తిగా పై పాలతో పెంచడమూ ఆమె ఇష్టమే. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఎంపిక ఆమెది కావడమే పరువున్న ఇంటికి నచ్చని సంగతి.

10. బిడ్డ బాగానే ఉందిగా

ఇంటికి పంపేటప్పుడు బిడ్డకు నెవిరపిన్ సిరప్ సీసా ఇస్తారు. మామూలుగా ఆరు వారాలు పోయాలి. తల్లికి ఆలస్యంగా తెలిసినా, వైరల్ లోడ్ తగ్గకపోయినా ఇంకో మందు కలిపి, పాలిస్తుంటే ఇంకా ఎక్కువ వారాలు పోయమంటారు. సీసా అయిపోయాక మళ్లీ వెళ్లకండి.

ఆరో వారంలో పరీక్షకు రమ్మంటారు. బిడ్డ మడమ గుచ్చి, చిన్న అట్టముక్క మీద అచ్చువేసిన ఐదు గుండ్రాలను ఒక్కో చుక్కతో నింపి, ఆరబెట్టి, కవరులో పెట్టి పెద్ద ల్యాబుకు పంపుతారు. పరీక్షలు మళ్లీ ఆరో నెలలో, ఏడాదికి, ఏడాదిన్నరకు ఉంటాయి. "పిల్ల బొద్దుగా ఉంది, నవ్వుతోంది, ఇంకా రక్తమెందుకు తీయాలి?" అని మానేయండి. చుక్క రక్తం కోసం ఏడ్చే బిడ్డను చూడలేని మనసు మీది.

వైరస్ సోకి, చికిత్స అందని పసిబిడ్డల్లో దాదాపు సగం మంది రెండో పుట్టినరోజు చూడరు. సోకిందని ఆరో వారంలోనే తెలిసి మందు మొదలైతే ఆ బిడ్డ బడికి పోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది ఆ అట్టముక్కే.

ఈ పది సలహాలూ తు.చ. తప్పకుండా పాటించిన ఇంట్లో పరువు నిలుస్తుందా అంటే, అదీ లేదు. నాలుగు నెలల్లో వీధంతా తెలిసిపోతుంది. బిడ్డ పోయిన ఇంటి సంగతి ఇంకా తొందరగా తెలుస్తుంది.

ఇక మీలో ఎవరి ఇంట్లోనైనా ఇప్పుడు ఒక గర్భిణి ఉంటే, వెటకారం పక్కనబెట్టి నాలుగు మాటలు. ఏ వైద్యమూ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. వేళకు పరీక్ష, రోజూ మాత్ర, ఆసుపత్రి కాన్పు, బిడ్డకు సిరప్ ఉంటే, పాలిచ్చే తల్లుల్లో కూడా అది 5 శాతంలోపే. ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. మీ సంగతి ఎవరికీ చెప్పకుండా అడగాలంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. మూడో నెల నిండకముందే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లండి. అబ్బాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. మాత్రల డబ్బాను అటక మీద నుంచి దించి ఆమె చేతికి అందేచోట పెట్టండి.